వేషం తీశాక మిగిలేదేమిటి? - 'మిస్సమ్మ' మీద ఒక పునరాలోచన

పోయిన ఎండాకాలం ఒక సాహిత్య శిక్షణ తరగతిలో హాస్య రచన గురించి నేను మాట్లాడవలసి వచ్చింది. హాస్యానికి పునాది ఎప్పుడూ జీవితంలోని ఇబ్బందేనని చెప్పడానికి 'మిస్సమ్మ' సినిమాను ఉదాహరణగా తీసుకున్నాను. ఆ కథ చెప్పడం నాకు ఎన్నో ఏళ్ళ అలవాటు. వింటున్నవాళ్ళు నవ్వుతారు, ఆ నవ్వులో నా సిద్ధాంతం సులభంగా చెల్లిపోతుంది. ఆ రోజూ అలాగే చెల్లింది. చివర్లో వెనక వరుస నుంచి ఒక విద్యార్థిని లేచి, "మేరీ చివరిదాకా మేరీగానే ఉండిపోతే వాళ్ళకి పెళ్ళి జరిగేదాండీ?" అని అడిగింది.

"రావుకి ఆ పట్టింపు లేదు కదమ్మా. ఆమె పుట్టుక సంగతి తెలియకముందే ప్రేమించాడు" అన్నాను.

"రావు చేసుకునేవాడేమోనండీ. సినిమా చేసేదా?" అంది.

తరగతి నవ్వింది. నేనూ నవ్వి మరో ప్రశ్నకు వెళ్ళిపోయాను. కాని ఆ ప్రశ్న నన్ను వదలలేదు. ఇన్నేళ్ళుగా నేను ఆ సినిమా మొదటి సగాన్నే పాఠంగా చెబుతూ, ముగింపును నవ్వుతో దాటేస్తున్నానని అప్పుడు తెలిసింది. ఆ అమ్మాయికి ఆ రోజు ఇవ్వలేని సమాధానాన్ని ఇక్కడ రాయడానికి ప్రయత్నిస్తాను.

ముందుగా కథను క్లుప్తంగా గుర్తు చేసుకుందాం. 'మిస్సమ్మ' 1955 జనవరిలో విజయా సంస్థ విడుదల చేసిన చిత్రం. దర్శకుడు ఎల్.వి. ప్రసాద్. దీనికి మూలం రవీంద్రనాథ్ మైత్ర బెంగాలీలో రాసిన 'మన్మయీ గర్ల్స్ స్కూల్' అనే నాటకం. దాన్ని తెలుగు తెరకు అనువుగా మలచినవాడు చక్రపాణి. శరత్ నవలలను తెలుగులోకి తెచ్చిన చక్రపాణికి బెంగాలీ సాహిత్యం ఇంటి సరుకు లాంటిది. అదే కథ అదే నెలలో తమిళంలోనూ, 1957లో 'మిస్ మేరీ' పేరుతో హిందీలోనూ వచ్చింది.

అప్పాపురం జమీందారు గోపాలం తప్పిపోయిన తన పెద్ద కూతురు మహాలక్ష్మి పేరిట ఒక బడి నడుపుతున్నాడు. ఆ బడికి బి.ఎ. చదివిన దంపతులు ఉపాధ్యాయులుగా కావాలని ప్రకటన ఇస్తాడు. మద్రాసులో ఉద్యోగం లేక తిరుగుతున్న ఎం.టి. రావు, మేరీ ఆ ప్రకటన చూస్తారు. ఇద్దరూ బి.ఎ.లే, కాని దంపతులు కారు. అతను హిందువు, ఆమె రోమన్ కాథలిక్కు. మేరీ తల్లిదండ్రులు డేవిడ్ అనేవాడికి బాకీ పడ్డారు. బాకీ వంకతో డేవిడ్ ఆమెను పెళ్ళాడాలని చూస్తున్నాడు. అప్పు తీర్చే దారి మరొకటి లేక మేరీ, రావు భార్యగా నటించడానికి ఒప్పుకుంటుంది. తరువాతి కథంతా ఆ నటన తెచ్చిన చిక్కులూ, ఆ చిక్కుల్లో పుట్టిన ప్రేమానూ. జమీందారు మేనల్లుడు రాజు సొంతంగా అపరాధ పరిశోధన చేసుకునే సరదా మనిషి. తప్పిపోయిన మహాలక్ష్మిని వెతికి వెతికి చివరికి ఆ మేరీయే మహాలక్ష్మి అని తేలుస్తాడు.

ఇక్కడ మొదట గమనించవలసింది, వేషం ఎందుకు వేశారన్నది. పాత కథల్లో రాజులు వేషం వేసేది ప్రజల బాగోగులు చూడడానికి. ప్రేమికులు వేషం వేసేది అంతఃపురంలో దూరడానికి. రావు, మేరీ వేషం వేసింది నెల జీతం కోసం. బి.ఎ. పట్టా ఇద్దరికీ ఉంది. అది చాలలేదు. పెళ్ళయి ఉండడం, అంటే పెద్దమనిషి తరహాగా కనిపించడం ఉద్యోగానికి రెండో అర్హత అయింది. చదువు నిజమైనదే, గౌరవం మాత్రం నకిలీది తయారు చేసుకోవలసి వచ్చింది. నిరుద్యోగం మనిషి చేత ఏ పనైనా చేయిస్తుందని మనం కథల్లో ఎన్నోసార్లు రాశాం. అది మనిషి చేత మరో మనిషిగా బతికిస్తుందని నవ్విస్తూ చెప్పింది ఈ సినిమా. ఎం.టి. అని పైకి పలికి చూడండి, ఇంగ్లీషులో 'ఖాళీ' అనే మాట వినపడుతుంది. జేబూ ఖాళీ, ఊరూ పేరూ కూడా దాదాపు ఖాళీ అయిన ఆ మనిషికి అంతకన్న తగిన పేరు లేదు.

పేర్ల సంగతి వచ్చింది కాబట్టి సినిమా పేరు గురించీ ఒక మాట. 'మిస్సు' ఇంగ్లీషు వాళ్ళది, 'అమ్మ' మనది. మిషనరీ దొరసానులనూ, క్రైస్తవ పంతులమ్మలనూ మన ఊళ్ళలో మిస్సమ్మ అని పిలిచేవారు. పెళ్ళికాని పిల్ల అని మొదటి సగం చెబుతుంటే, రెండో సగం ఆమెను అమ్మను చేసి కూర్చోబెడుతుంది. పెళ్ళికాకుండానే ఇల్లాలిగా నటించవలసిన అమ్మాయికి ఈ మాట ఎంత చక్కగా అతికిందో చూడండి. అంతే కాదు, ఆమె ఏ మతం అమ్మాయో కూడా ఆ ఒక్క మాటలోనే ఉంది. సినిమా తన ప్రశ్నను పేరులోనే పెట్టుకుంది. జవాబు ఏమిచ్చిందో తరువాత చూద్దాం.

మధ్య భాగమే ఈ చిత్రానికి ప్రాణం. వర్ధమాన రచయితలు శ్రద్ధగా చూడవలసిన నిర్మాణం ఇక్కడ ఉంది. ఒక్కొక్క సన్నివేశంలోనూ మూడు రకాల మనుషులున్నారు: నిజం తెలియని జమీందారు కుటుంబం, నిజం దాస్తున్న జంట, రెండూ తెలిసిన మనం. జమీందారు దంపతులు ఆప్యాయంగా చేసే ప్రతి మంచి పనీ ఈ ఇద్దరి పీకకు చుట్టుకుంటుంది. హాస్యం కోసం ఎవరూ కోతి చేష్టలు చేయనక్కరలేదు. దయగల మనుషులు దయగా ప్రవర్తిస్తే చాలు, నవ్వు దానంతటదే వస్తుంది.

గడప బయట మొగుడూ పెళ్ళాలు, గడప లోపల పరాయివాళ్ళు. ఇదీ వాళ్ళ ఒప్పందం. జీవితంలో మనం సాధారణంగా చూసేది దీనికి తలకిందులు. బయట ముక్తసరిగా ఉండే ఆలుమగలు ఇంట్లోకి వచ్చాకే చనువుగా మాట్లాడుకుంటారు. ఈ తలకిందుల కాపురంలో మేరీకి కోపం ఎక్కువ, రావుకు నిదానం ఎక్కువ. ఆమె కోపం ఊరికే వచ్చింది కాదు. నటనలో అతను పోగొట్టుకునేది తక్కువ. తన పేరూ, తన దేవుడూ, తన అలవాట్లూ అతను అలాగే ఉంచుకోవచ్చు. ఆమె అన్నీ దాచుకోవాలి. ఇంకొకరి ఇల్లాలిగా, ఇంకొక మతం మనిషిగా రెండు వేషాలు ఒకేసారి మొయ్యాలి. ఒకే అబద్ధంలో ఇద్దరూ భాగస్వాములే అయినా బరువు సమానంగా లేదు. సావిత్రి ముఖంలో ఆ చిరచిర మొదటి నుంచీ కనిపిస్తూనే ఉంటుంది. ఈ పాత్రకు మొదట అనుకున్నది భానుమతిని. కొంత చిత్రీకరణ అయ్యాక ఆమె తప్పుకోవడంతో, రెండో నాయిక వేషానికి తీసుకున్న సావిత్రి మేరీ అయింది. ఆ రెండో వేషం జమునకు వెళ్ళింది.

ప్రేమ పుట్టిన తీరు కూడా చూడదగ్గది. జమీందారు రెండో కూతురు సీతకు రావు సంగీతం నేర్పడం మొదలుపెడితే మేరీకి మండుతుంది. భార్య కాని ఆమెకు అసూయపడే హక్కు ఎక్కడిది? వేషం ఇచ్చింది. నటిస్తూ నటిస్తూ ఆ పాత్రకున్న హక్కులన్నీ ఒక్కొక్కటిగా మనసులోకి వచ్చేశాయి. వెన్నెట్లో చెరో వైపు నిలబడి ఒకరి మీద ఒకరు చంద్రుడికి ఫిర్యాదు చేసుకునే పాటలో పింగళి నాగేంద్రరావు చేసిందీ ఇదే. పెళ్ళికాని జంట చేత ఆలుమగల తగువు పాడించాడు. తగువు నిజమైపోయాక ఆలుమగలు కావడానికి ఇక మిగిలిందేముంది? కలిసి బతకడం వల్ల, ఒకరి అవసరం ఒకరికి కావడం వల్ల బంధం ఏర్పడుతుంది. తాళీ, కులం, మతం దానికి తరువాతి సంగతులు. సినిమా మూడు వంతుల దాకా మనకు చెబుతున్నది ఇదే. ఇంతకన్న అభ్యుదయకరమైన మాటను ఆనాడు తెలుగు తెర మీద ఇంత తేలిగ్గా చెప్పడం చిన్న విషయం కాదు.

ఆ తరువాతే చిక్కు వచ్చింది. మేరీ క్రైస్తవురాలు, రావు హిందువు. ఇప్పుడేం చేయాలి? కథకుడి ముందు రెండు దారులున్నాయి. ఉన్న మేరీకి ఉన్న రావుతో పెళ్ళి చేయడం ఒకటి. మేరీ అసలు మేరీయే కాదని తేల్చడం రెండోది. సినిమా రెండో దారి పట్టింది. మేరీని పెంచినవాళ్ళు వేరు, కన్నవాళ్ళు వేరని తేలింది. పాదం మీది పుట్టుమచ్చ సాక్ష్యం చెప్పింది. ఆమె వేసుకున్న హిందూ ఇల్లాలి వేషం నిజం అయింది. ఇన్నేళ్ళు బతికిన క్రైస్తవ జీవితం పొరపాటున పడిన వేషం అయింది. ఉద్యోగం కోసం వెళ్ళిన ఇల్లు కన్న ఇల్లే అయింది. అప్పు, ఉద్యోగం, మతం, మూడు సమస్యలూ ఒక్క మచ్చతో తీరిపోయాయి.

ఈ ఉపాయం చక్రపాణి కనిపెట్టింది కాదు, చాలా పాతది. కాళిదాసు 'మాళవికాగ్నిమిత్రం'లో రాజు ప్రేమించిన పరిచారిక చివరికి విదర్భ రాజకుమారి అని తేలుతుంది. శ్రీహర్షుడి 'రత్నావళి'లో సాగరిక అనే దాసి సింహళ రాజపుత్రి అవుతుంది. ప్రాచీన రోములో ప్లాటస్, టెరెన్స్ రాసిన హాస్య నాటకాల్లోనూ దాసీ పిల్ల పౌరుడి కూతురని బయటపడగానే పెళ్ళికి అడ్డు తొలగుతుంది. 'అభిజ్ఞానం' అని మన ఆలంకారికులకు పరిచయమైన ఆనవాలు ఉంగరం కావచ్చు, నగ కావచ్చు, మచ్చ కావచ్చు. దాని పని ఒక్కటే. ప్రేమ అంతస్తును దాటింది అనిపించి మనల్ని మురిపించడం, చివరికి ఏమీ దాటలేదని చెప్పి పెద్దలను నిశ్చింతగా ఇంటికి పంపడం. ప్రేక్షకుడికి తిరుగుబాటు చేసిన సంతోషమూ దక్కుతుంది, కట్టుబాటు చెడలేదన్న తృప్తీ దక్కుతుంది.

అయితే పుట్టుక రహస్యం ఎప్పుడూ వెనక్కే లాగుతుందనడం పొరపాటు. 1910లో పుస్తకంగా వచ్చిన టాగోరు 'గోరా' చూడండి. ఆచారపరాయణుడైన హిందువుగా పెరిగిన గోరాకు తాను 1857 తిరుగుబాటు కాలంలో ఐరిష్ తల్లిదండ్రులకు పుట్టినవాణ్ణని చివర్లో తెలుస్తుంది. ఇదీ పుట్టుక రహస్యమే. కాని అది తెలియగానే గోరాకు కులం లేకుండా పోయింది, దేశమంతా తనదయింది. మేరీకి పుట్టుక తెలియగానే కులమూ మతమూ జమీందారీ అన్నీ వచ్చి చేరాయి. సాధనం ఒకటే, ఒకచోట అది తలుపు తెరిచింది, ఇంకొకచోట తలుపు మూసింది. కాబట్టి రచయితలు ఉపాయాన్ని తప్పుపట్టి లాభం లేదు. దాన్ని ఎటు తిప్పుతున్నామన్నదే చూసుకోవాలి.

ఆ కాలంలో అంతకన్న ఏం చేయగలరు అని కొందరు మిత్రులు అంటారు. ఈ మాటలో కొంత న్యాయం ఉంది. జనం టిక్కెట్టు కొని చూడవలసిన సినిమా, పండుగ రోజుల్లో విడుదలయ్యే సినిమా. కాని కాలం గురించే మాట్లాడుకుందాం. వేర్వేరు మతాలవాళ్ళు ఎవరి మతం వాళ్ళు ఉంచుకుంటూనే రిజిస్ట్రారు ముందు పెళ్ళి చేసుకునే వీలు కల్పించిన ప్రత్యేక వివాహాల చట్టం 1954లో పార్లమెంటు చేసింది. అది అమలులోకి వచ్చిన తేదీ 1955 జనవరి 1. 'మిస్సమ్మ' విడుదలయింది అదే నెల 12న. దేశం చట్టంలో తలుపు తీసిన పదకొండు రోజులకు, ఆ తలుపు దాకా వచ్చిన జంటను సినిమా పక్కదారిన పెరట్లోంచి ఇంట్లోకి తీసుకుపోయింది. ఈ రెండు తేదీలు పక్కపక్కన ఉండడం కాకతాళీయమే. చిత్రం తీసినవాళ్ళు చట్టం చూసి భయపడ్డారని నేననను. కాని రావు, మేరీ పెళ్ళికి ఆనాడు చట్టం అడ్డు కాదన్నది మాత్రం నిజం. అడ్డు ఉన్నది మన మనసుల్లోనే.

కాలాన్ని సాకుగా చూపేవాళ్ళకు చెప్పవలసిన రెండో జవాబు మన ఇంట్లోనే ఉంది. 'కన్యాశుల్కం' 1892లో మొదట ప్రదర్శించారు, ఇప్పుడు మనం చదువుకునే రూపం 1909లో వచ్చింది. అదీ వేషాల నాటకమే. కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడవేషం వేసి లుబ్ధావధాన్లుకు అమ్ముతాడు. చివర్లో మధురవాణి మగవేషంలో సౌజన్యారావు ఇంటికి వెళుతుంది. వేశ్యలను దూరంగా ఉంచాలనే నియమం ఉన్న పెద్దమనిషి ఆయన. ఆమె వేషం తీసేశాక కింద ఏ రాజకుమారీ లేదు, ఏ బ్రాహ్మణ కన్యా లేదు. మధురవాణే ఉంది. మారవలసివచ్చింది ఆమె పుట్టుక కాదు, ఎదుట కూర్చున్న పెద్దమనిషి చూపు. గురజాడ ఆమెకు ఒక పుట్టుమచ్చ పెట్టి ఉంటే ప్రేక్షకులు ఇంకా సంతోషించేవారేమో. ఆ సంతోషాన్ని ఆయన నిరాకరించాడు. అందుకే ఆ సన్నివేశం ఇప్పటికీ మనల్ని ఇబ్బంది పెడుతుంది.

హాస్యం తేలికపాటి వస్తువు, దాని మీద ఇంత బరువు పెట్టవచ్చునా అనే ప్రశ్నకూ సమాధానం చెప్పాలి. 1959లో అమెరికాలో బిల్లీ వైల్డర్ 'సమ్ లైక్ ఇట్ హాట్' తీశాడు. అందులోనూ పని లేని ఇద్దరు వాద్యగాళ్ళు, 1929 నాటి చికాగోలో గూండాలు చేసిన హత్యలు కళ్ళారా చూసి, ప్రాణభయంతో ఆడవేషాలు వేసుకుని ఆడవాళ్ళ వాద్యబృందంలో చేరతారు. వాళ్ళలో ఒకణ్ణి నిజంగా ఆడదనుకుని ఒక కోటీశ్వరుడు వెంటపడతాడు. ఆఖరి సన్నివేశంలో తాను మగవాణ్ణని ఆ వాద్యగాడు విగ్గు తీసి చెప్పినా, కోటీశ్వరుడు అదేమంత పెద్ద లోపం కాదన్న ధోరణిలో చిరునవ్వుతో పడవ నడుపుతూనే ఉంటాడు. సినిమా అక్కడితో ఆగిపోతుంది. అది పూర్తిగా సరదా చిత్రం, ఏ ఉపన్యాసమూ లేదు. అయినా వేషం తీసిన మనిషిని అలాగే ఒప్పుకోవడం అనే సాహసం ఆ సరదాకే సాధ్యమయింది. గంభీరమైన సినిమా ఆ పని చేసి ఉంటే జనం తిరగబడేవారు. హాస్యానికి ఉన్న వెసులుబాటు అది. ఆ వెసులుబాటును 'మిస్సమ్మ' మూడు వంతుల దాకా అద్భుతంగా వాడుకుని, అసలు అవసరమైన చోట వదులుకుంది.

వేషాల కథలను విజయావారు అక్కడితో వదల్లేదు. 1962లో 'గుండమ్మ కథ'లో డబ్బున్న ఇంటి అన్నదమ్ములు పేదవాళ్ళుగా నటిస్తారు. వాళ్ళ పేదరికం వాళ్ళు కోరి వేసుకున్నది, ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసేయవచ్చు. రావు, మేరీల వేషం అలాంటిది కాదు. తీస్తే అన్నం పోతుంది. అందుకే రెండింటిలోనూ నవ్వు సమానంగా ఉన్నా, 'మిస్సమ్మ' నవ్వు కింద ఒక గుబులు ఉంది. నేను ఇప్పటికీ దాన్నే ఎక్కువగా ప్రేమిస్తాను. లోపం చెప్పినంత మాత్రాన ప్రేమ పోనక్కరలేదు.

ఇక ఆ విద్యార్థిని దగ్గరకు తిరిగి వస్తాను. తరగతి అయ్యాక ఆమె టీ తాగుతూ నా దగ్గరకు వచ్చింది. "మా ఇంట్లో నన్నొక పేరుతో పిలుస్తారండీ, సర్టిఫికెట్లలో ఇంకో పేరుంది. చర్చిలో ఒకటి, కాలేజీలో ఒకటి. మా వాళ్ళలో చాలామందికి అంతే" అంది. ఎందుకని నేను అడగలేదు. అడగనక్కరలేదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవ మతం తీసుకున్న దళితులను షెడ్యూల్డు కులాలవాళ్ళుగా గుర్తించరు. మతం మారితే అంటరానితనం పోతుందని కాగితం అంటుంది. ఊరు అనదు. క్రైస్తవుడైన జాషువా ఎన్ని అవమానాలు పడ్డాడో 'గబ్బిలం' చదివినవాళ్ళకు చెప్పనక్కరలేదు. తెలుగు నేల మీద 'క్రైస్తవురాలు' అనే మాట వెనక తరచుగా కులం నీడ ఉంటుంది. చదువు కోసం, ఉద్యోగం కోసం ఇంకో పేరు తొడుక్కుని బతికేవాళ్ళు మన చుట్టూ వేలమంది ఉన్నారు. వాళ్ళు రావు, మేరీల అసలైన వారసులు. తేడా ఒక్కటే: వాళ్ళ పాదాల మీద ఏ మచ్చ వెతికినా ఏ జమీందారూ పరిగెత్తుకు రాడు.

ఆ అమ్మాయి అడిగిన ప్రశ్నకు నా సమాధానం ఇది: లేదమ్మా, సినిమా ఆ పెళ్ళి చేసేది కాదు. మేరీని రావు ప్రేమించాడు, ప్రేక్షకులూ ప్రేమించారు. కాని చివర పెళ్ళి జరిగింది మహాలక్ష్మికి. మేరీ ఏమైపోయిందో, ఆమెను పెంచిన ఆ తల్లిదండ్రులు మద్రాసులో ఆ రాత్రి ఏమనుకున్నారో ఎవరూ అడగలేదు. ఎన్నో ఏళ్ళుగా ఆ కథ చెబుతున్న నేనూ అడగలేదు.

ఆ ప్రశ్న అడిగిన అమ్మాయి కథలు రాస్తుందని తరువాత తెలిసింది. ఆమె మేరీ కథ రాస్తే, వేషం తీశాక కూడా మేరీ మేరీగానే నిలబడే కథ రాస్తే, చదవాలని ఉంది. అందులో నవ్వు ఉండాలని మాత్రం కోరుకుంటాను. ఎందుకంటే ఆ పెళ్ళి ఎప్పటికైనా జరిపించగలిగేది నవ్వేనని నేను ఇప్పటికీ నమ్ముతున్నాను.